పంటి కింద కరెంటు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 47 ఏళ్ళు. కుడివైపు కింది దవడ పన్ను పిప్పిపడితే చాలా ఏళ్ళ కింద సిమెంటు పెట్టించుకున్నాను. సిల్వర్ ఫిల్లింగ్ అని అప్పుడు చెప్పారు. ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ లేదు. మొన్న ఆదివారం మా అబ్బాయి బిర్యానీ పార్సిల్ తెచ్చాడు. పైన చుట్టిన రేకు చిన్న ముక్క అన్నంలో కలిసిపోయినట్టుంది, సరిగ్గా ఆ పన్ను కింద పడింది. కరెంటు తీగ కొరికినట్టు జివ్వున లాగి చెవి దాకా కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్క ఉమ్మేయగానే మళ్ళీ ఏమీ లేదు. "నోట్లో కరెంటేమిటి, నీ భ్రమ కాకపోతే" అని మా వారు నవ్వారు. అందులో పాదరసం ఉంటుందట, కారుతోందేమో, వెంటనే పీకించెయ్యమని మా తోడికోడలు అంటోంది. ఇంకో సంగతి. పది రోజుల కింద ఆ పన్నుకి ఎదురుగా ఉన్న పైపన్నుకి రూట్ కెనాల్ చేసి మెటల్ క్యాప్ వేశారు. అప్పటినుంచి పైపన్నూ కిందిపన్నూ తగిలినప్పుడు అప్పుడప్పుడు చిన్నగా జిల్లుమంటోంది, నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి. ఈ రెండింటికీ సంబంధం ఉందా? వచ్చే వారం మెడనొప్పికి ఎంఆర్ఐ తీయించుకోవాలి. నోట్లో లోహం ఉంటే తీయరంటున్నారు, నిజమేనా?
ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీ వారికి చెప్పండి, అది భ్రమ కాదని. ఆ క్షణంలో మీ నోట్లో నిజంగానే కరెంటు పుట్టింది. మీ తోడికోడలికి కూడా చెప్పండి, ఏదీ కారలేదని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఈ మాట చెప్పడానికే మొహమాటపడేవాళ్ళు ఉంటారు. "నవ్వకండి డాక్టరు గారూ" అని మొదలుపెడతారు. నవ్వడానికేముంది, చాక్లెట్ కాగితం సరిగ్గా ఒలవకుండా నోట్లో వేసుకుని నేనూ ఒకసారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఇందులో తికమకంతా "సిల్వర్" అన్న మాట దగ్గరే ఉంది. మన ఇళ్ళలో సిల్వర్ గిన్నె అంటే వెండి గిన్నె కాదు, అల్యూమినియం గిన్నె. కొన్ని ఊళ్ళలో సత్తు గిన్నె అంటారు. బిర్యానీకి చుట్టే సిల్వర్ ఫాయిల్ కూడా అల్యూమినియమే, అందులో వెండి ఇసుమంత కూడా ఉండదు. మీ పన్నులో ఉన్న సిల్వర్ ఫిల్లింగ్‌లో మాత్రం నిజంగానే వెండి ఉంది. బరువులో దాదాపు సగం పాదరసం, మిగతా సగంలో వెండి, తగరం, రాగి. ఈ మిశ్రమాన్ని మేం అమాల్గం అంటాం. పేరుకి రెండూ సిల్వరే, లోహాలు మాత్రం వేరు. ఆ వేరు కావడమే మీ కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. రెండూ ఒకే లోహమైతే ఈ జివ్వుమనడం ఉండేది కాదు.

మీ అబ్బాయి బళ్ళో నిమ్మకాయ బ్యాటరీ చేసే ఉంటాడు. నిమ్మకాయకి ఒకవైపు జింకు పూత ఉన్న మేకు, ఇంకోవైపు రాగి తీగ గుచ్చి మీటరు పెడితే ముల్లు కదులుతుంది. కరెంటు నిమ్మకాయలో దాగి ఉండదు. జింకు ఎలక్ట్రాన్లని సులువుగా వదిలేసే లోహం, రాగి అంత సులువుగా వదలదు. ఈ రెండింటినీ ఉప్పో పులుపో ఉన్న తడిలో పెట్టి ఒకదానికొకటి కలిపితే ఎలక్ట్రాన్లు ఇటునుంచి అటు పరుగెడతాయి. మీ నోట్లో జింకు స్థానంలో అల్యూమినియం రేకు, రాగి స్థానంలో ఫిల్లింగ్, నిమ్మరసం స్థానంలో లాలాజలం. ఆ పూట బిర్యానీలో ఉప్పూ, పైన పిండుకున్న నిమ్మకాయా ఎలాగూ ఉండే ఉంటాయి.

రేకు ఫిల్లింగ్‌కి తగిలిన క్షణంలో అల్యూమినియం నుంచి ఎలక్ట్రాన్లు నేరుగా ఫిల్లింగ్‌లోకి దూకాయి. ఆ వలయం ఎక్కడో ఒకచోట పూర్తి కావాలి కదా. కొంత కరెంటు లాలాజలంలోంచే చుట్టుతిరిగింది, కొంత ఫిల్లింగ్ అడుగునున్న పన్నులోంచి, లోపలి నరంలోంచి, చిగురు మీదుగా వలయం పూర్తి చేసుకుంది. ఆ రెండో దారిలో వెళ్ళిందే మీకు తగిలింది.

ఇంతా చేసి ఎన్ని వోల్టులు? గోడ గడియారంలో వేసే బ్యాటరీ 1.5 వోల్టులు. మీ నోట్లో పుట్టింది అంతకన్నా తక్కువే. ఆ బ్యాటరీ రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుంటే మనకి ఏమీ తెలియదు, ఎందుకంటే పొడి చర్మం కరెంటుని దాదాపు పోనివ్వదు. పన్ను పైనుండే ఎనామిల్ కూడా అంతే, మంచి ప్లాస్టిక్ తొడుగు లాంటిది. కానీ సిమెంటు పెట్టింది ఎక్కడ? ఎనామిల్ పుచ్చి పోయిన చోట. దాని కింద డెంటిన్ ఉంటుంది. అందులో కంటికి కనిపించని సన్నని గొట్టాలు వేలకొద్దీ, ఒక్కొక్కదాంట్లో నీరు, అన్నీ నరం ఉన్న గది వైపు తిరిగి ఉంటాయి. ఎనామిల్ అనే తొడుగు ఊడిన చోట మీరు లోహపు మూత పెట్టుకున్నారు. బయట ఏ కాస్త కరెంటు తగిలినా ఆ మూత లోపలికి అందిస్తుంది. ఇక పంటి నరానికి చర్మంలాగా మెత్తన, గరుకు, గోరువెచ్చన అనే తేడాలు పెద్దగా తెలియవు. చల్లన తగిలినా, వేడి తగిలినా, కరెంటు తగిలినా దాని కేక ఒక్కటే. చెవి దాకా కొట్టిందన్నారు, అదీ నిజమే. కింది దవడ పళ్ళకీ, చెవి ముందు భాగానికీ వెళ్ళే నరాలు ఒకే పెద్ద నరం కొమ్మలు. అందుకే పన్ను నొప్పితో బాధపడుతూ చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు.

మీకు తెలియని విషయం ఒకటి చెప్తాను. ఇదే పనిని మేం కావాలని చేస్తాం. పన్నులో నరం బతికుందో లేదో అనుమానం వస్తే పల్ప్ టెస్టర్ అనే చిన్న పరికరం ఉంటుంది. పన్ను తుడిచి ఆరబెట్టి, దాని కొసకి కాస్త పేస్టు రాసి పన్నుకి ఆనించి, అంకె మెల్లమెల్లగా పెంచుతూ పోతాం. "ఆఁ, తెలుస్తోంది" అనగానే తీసేస్తాం. ఎంత పెంచినా పేషెంటు మాట్లాడకపోతే మాకు దిగులు, నరం చచ్చిపోయి ఉండొచ్చు. కాబట్టి బిర్యానీ రేకు మీకు ఉచితంగా పరీక్ష చేసిపెట్టింది. అంత పాత ఫిల్లింగ్ కింద నరం బతికే ఉందన్నమాట. మీరు బాధపడ్డ విషయం నాకైతే మంచి వార్తే.

నోట్లో కరెంటు అంటే మీ వారు నవ్వారు గానీ, బ్యాటరీ కథ అసలు నోట్లోనే మొదలైంది. 1750ల్లో సుల్జర్ అనే స్విస్ పండితుడు నాలుక కొసన సీసపు ముక్కనీ, వెండి ముక్కనీ పెట్టి, రెండింటి అంచులూ కలిపి చూశాడు. విడివిడిగా పెడితే ఏమీ లేదు. కలపగానే అన్నభేది లాంటి రుచి వచ్చిందని రాసిపెట్టాడు. అది కరెంటు అని ఆయనకి తెలియదు. ఇటలీలో గాల్వానీ అనే వైద్యుడు చచ్చిన కప్ప కాళ్ళకి రెండు లోహాలు తాకిస్తే అవి ఎగిరిపడటం చూసి, 1791లో ఆ సంగతి ప్రచురించాడు. కరెంటు కప్పలోనే ఉందని ఆయన నమ్మకం. అదే దేశపు శాస్త్రవేత్త వోల్టా ఒప్పుకోలేదు. తన నాలుక మీదే తగరపు రేకూ, వెండి నాణెమూ పెట్టుకుని చూసుకున్నాడు. కప్ప తడి అందించిందంతే, కరెంటు రెండు లోహాల తేడాదే అన్నాడు. 1800లో వెండి, జింకు బిళ్ళల మధ్య ఉప్పునీళ్ళలో నానిన అట్టముక్కలు పేర్చి మొదటి బ్యాటరీ కట్టాడు. మీ పన్ను దగ్గర జరిగిన దానికి మా పుస్తకాల్లో గాల్వానిక్ షాక్ అని పేరు. గెలిచింది వోల్టా, పేరు మాత్రం గాల్వానీకి దక్కింది. మన చిన్నప్పుడు ట్రాన్సిస్టర్ రేడియో చదరపు బ్యాటరీని నాలుకకి ఆనించి చార్జింగ్ ఉందో లేదో చూసేవాళ్ళం, గుర్తుందా? ఆ చురుక్కుమనడం, ఆ రుచి, ఈ కుటుంబంలోదే.

మరి రోజూ స్టీలు చెంచాతో తింటున్నాం కదా, దానికెందుకు రాదు అని మీకు అనుమానం రావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఒకటి గట్టిగా అంటుకుని ఉంటుంది, అది లోహాన్ని తడికి అందనివ్వదు. పైగా చెంచా పన్నుకి ఒక చుక్క మేర తగిలి వెళ్ళిపోతుంది. అల్యూమినియం మీదా అలాంటి పొర ఉంటుంది గానీ, రేకుని పన్ను కింద నలిపితే పొర చిట్లి లోపలి తాజా లోహం బయటపడుతుంది. మెత్తనిది కాబట్టి ఫిల్లింగ్ గుంటల్లోకి అచ్చుగా కూరుకుంటుంది. తడి, ఒత్తిడి, తాజా లోహం మూడూ ఒకేసారి కుదిరాయి. కొత్తగా పెట్టిన ఫిల్లింగ్ అయితే ఫోర్కు తగిలినా చురుక్కుమనొచ్చు, కొన్నాళ్ళకి దాని పైన పొర కట్టి తగ్గిపోతుంది.

కాజూ బర్ఫీ మీది వెండి రేకు సంగతీ చాలామంది అడుగుతారు. అసలైన వర్ఖ్ ఎంత పలచనంటే వేలితో ముట్టుకుంటే వేలికే అంటుకుపోతుంది. నోట్లో ముద్దగా నిలవదు కాబట్టి దానితో ఈ గొడవ రావడం అరుదు. కానీ వెండి పేరుతో అల్యూమినియం అతికించే మిఠాయి కొట్లు లేకపోలేదు. అనుమానం వస్తే కాస్త రేకు తీసి మంటలో కాల్చండి. వెండి అయితే మెరిసే చిన్న పూసలా ముడుచుకుంటుంది. అల్యూమినియం అయితే నల్లటి బూడిదే.

ఇక పాదరసం. మీ తోడికోడలి భయాన్ని నేను తీసిపారేయను. పాతరోజుల్లో దంత వైద్యుల గదిలో చిన్న గాజు కల్వం ఉండేది. వెండి పొడి, పాదరసం అందులో వేసి నూరి, మిగిలిన పాదరసాన్ని గుడ్డలో వేసి పిండేవాళ్ళు. కొందరు అరచేతిలోనే పిసికేవాళ్ళు. ప్రమాదం ఎక్కువగా వాళ్ళకే. ఇప్పుడు కొలిచి నింపిన క్యాప్సూల్స్ వచ్చాయి, మిషన్‌లో పెడితే అదే కలుపుతుంది. పన్నులో ఒకసారి గట్టిపడ్డాక పాదరసం వెండితో, తగరంతో కలిసి వేరే పదార్థంగా మారిపోతుంది, థర్మామీటరు పగిలితే జారే పాదరసంలా కారదు. నమిలేటప్పుడు అతి కొద్దిగా ఆవిరి వస్తుందన్నది నిజం. దానివల్ల మామూలు మనుషులకి హాని జరుగుతోందని ఆధారాలు చూపించడం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో చెప్పింది. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి, చిన్నపిల్లలకి, కిడ్నీ జబ్బులు, నరాల జబ్బులు ఉన్నవాళ్ళకి, పాదరసం పడనివాళ్ళకి వీలైనంతవరకు కొత్తగా పెట్టొద్దని కూడా చెప్పింది. అదే సలహాలో ఇంకో మాట ఉంది, మీకు కావలసింది అదే: బాగున్న పాత ఫిల్లింగ్‌ని అవసరం లేకుండా తీయొద్దు.

కారణం మా కుర్చీ పక్కన నిలబడితే అర్థమవుతుంది. ఆ ఫిల్లింగ్‌ని తీయాలంటే డ్రిల్లుతో ముక్కలు చేయాలి. నీళ్ళు కొడుతూ, సక్షన్ పెట్టి చేసినా, ఆ పది నిమిషాల్లో వేడికి, రాపిడికి లేచే ఆవిరి రోజూ నమిలేటప్పుడు వచ్చేదానికన్నా ఎక్కువ. పైగా దానితోపాటు చుట్టూ ఉన్న మంచి పన్ను కూడా కొంత పోతుంది. కారుతుందేమోనన్న భయంతో పీకించుకోవడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

"మరి యూరప్‌లో ఎందుకు నిషేధించారు?" అంటారు. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి అమాల్గం వాడకాన్ని చాలావరకు ఆపేసింది, వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప. దీని వెనక ప్రధానంగా ఉన్నది పర్యావరణం. క్లినిక్‌ల మురుగునీళ్ళతో, శ్మశానాల పొగతో ఆ పాదరసం చివరికి నీళ్ళలోకి, చేపల్లోకి చేరుతుంది. జపాన్‌లో మినమాట ఊళ్ళో ఫ్యాక్టరీ వ్యర్థాల పాదరసం చేపల్లో చేరి జనం నరాలు దెబ్బతిన్న కథ మీరు వినే ఉంటారు. ఆ ఊరి పేరుతోనే 2017లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశమూ ఉంది. అందుకే ఈ రోజుల్లో చాలామంది డాక్టర్లు పన్ను రంగు ఫిల్లింగే పెడుతున్నారు. దాంట్లో లోహం ఉండదు, రేకు నమిలినా షాక్ రాదు. కొత్తగా పెట్టించుకోవాల్సి వస్తే నేనూ అదే చెప్తాను. ఉన్నదాన్ని ఊడబెరకమని మాత్రం చెప్పను.

రెండో విషయం, క్యాప్. నా దృష్టిలో మీ ఉత్తరంలో అసలు పట్టించుకోవాల్సింది ఇదే. మెటల్ క్యాపులు మన దగ్గర ఎక్కువగా నికెల్, క్రోమియం కలిపినవో, కోబాల్ట్, క్రోమియం కలిపినవో ఉంటాయి. కింద పాత అమాల్గం, పైన కొత్త క్యాప్. రెండు లోహాలూ, మధ్యలో లాలాజలం. పళ్ళు కలిసినప్పుడు మళ్ళీ అదే నిమ్మకాయ. రేకుతో వచ్చినంత పెద్ద దెబ్బ కాదు, చిన్న చురుకు. పైపన్నుకి రూట్ కెనాల్ అయింది, అందులో నరమే లేదు కాబట్టి జిల్లుమనేది కిందిపన్నే అయ్యుండాలి, గమనించి చూడండి. ఇనుము రుచి కూడా లోహం అతి కొద్దిగా కరిగి నాలుకకి చేరడం వల్ల రావొచ్చు. వెనకటి రోజుల్లో అమ్మమ్మలు బంగారు పన్ను కట్టించుకునేవారు. దాని ఎదురుగా సిల్వర్ ఫిల్లింగ్ పెడితే ఈ చురుకు ఇంకా గట్టిగా ఉండేది, బంగారమంత పిసినారి లోహం లేదు కాబట్టి, ఎలక్ట్రాన్ వదలమంటే వదలదు.

అయితే కొత్త క్యాప్ వేసిన పది రోజుల్లో పళ్ళు తగిలి నొప్పి వస్తోందంటే ఇంకో అనుమానం కూడా రావాలి, క్యాప్ ఒక వెంట్రుకవాసి ఎత్తుగా ఉండొచ్చు. రెండింటికీ తేడా ఇంట్లోనే చూసుకోవచ్చు. శుభ్రమైన పాలిథిన్ కవరు చిన్న ముక్క కత్తిరించి, ఆ రెండు పళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా కలపండి. లోహానికి లోహం తగలదు కాబట్టి కరెంటు చురుకైతే అప్పుడు రాదు. పాలిథిన్ ఉన్నా నొప్పి వస్తే అది ఒత్తిడి వల్ల వస్తున్న నొప్పి. క్యాప్ వేసిన డాక్టరు దగ్గరికి వెళ్తే నీలం కాగితం కొరికించి, ఎక్కువ మచ్చ పడ్డ చోట కొద్దిగా అరగదీస్తారు. ఐదు నిమిషాల పని, ఆలస్యం చేయొద్దు.

కరెంటు చురుకే అయితే ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి. లోహాల మీద సన్నని పొర కట్టి చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే ఫిల్లింగ్ మీద తాత్కాలికంగా వార్నిష్ పూయొచ్చు. అప్పటికీ వదలకపోతే ఆ ఒక్క ఫిల్లింగ్‌ని పన్ను రంగు దానితో మార్చడంలో అర్థముంది. అది భయంతో తీయించుకోవడం కాదు, కారణంతో తీయించుకోవడం.

ఈ నొప్పికి లవంగం పెట్టకండి, మాత్ర మింగకండి. పోపులపెట్టెలో లవంగం వెతికేలోపే ఇది పోతుంది. రేకు పడితే వెంటనే నమలడం ఆపి, తీసేసి, మామూలు నీళ్ళతో పుక్కిలించండి చాలు. పార్సిల్ విప్పేటప్పుడు రేకుని చేత్తో చింపకుండా అంచు పట్టుకుని మొత్తంగా తీయండి. చింపినప్పుడే ఆ మిల్లీమీటరు ముక్కలు అన్నంలో పడేది. మాత్రల స్ట్రిప్పుని పంటితో చింపే అలవాటుంటే మానేయండి, వెనకవైపు ఉండేదీ అల్యూమినియం రేకే.

లోహం ఏదీ తగలకుండానే నొప్పి వస్తే మాత్రం కథ వేరు. చల్లటి నీళ్ళు తాగాక జివ్వుమని అరనిమిషం దాటినా తగ్గకపోతే, రాత్రి నిద్రలోంచి లేపితే, చిగురు వాస్తే, లేదా గట్టిది కొరికి వదిలే క్షణంలో కలుక్కుమంటే వెంటనే చూపించుకోండి. చివరిది పన్ను పగుళ్ళకి గుర్తు. పెద్ద సిల్వర్ ఫిల్లింగ్ ఉన్న పాత పళ్ళలో అది తరచూ చూస్తాం. అద్దంలో ఫిల్లింగ్ అంచు విరిగినట్టు కనిపించినా, అక్కడ రోజూ తిండి ఇరుక్కుంటున్నా అంతే.

ఎంఆర్ఐ గురించి భయం అక్కర్లేదు. అమాల్గంని అయస్కాంతం లాగదు, మీ క్యాప్‌లాంటివి ఉన్నవాళ్ళకి కూడా రోజూ తీస్తూనే ఉన్నారు. మెటల్ క్యాప్ వల్ల నోటి దగ్గర బొమ్మ కాస్త చెదిరినట్టు రావొచ్చు, మీది మెడ కాబట్టి ఆ పైభాగంలో కొంచెం నీడ పడొచ్చు. ఫారంలో లోహం ఉందా అని అడిగిన చోట "ఒక సిల్వర్ ఫిల్లింగ్, పైపన్నుకి మెటల్ క్యాప్" అని రాయండి, టెక్నీషియన్‌కి నోటితో కూడా ఒకసారి చెప్పండి.